ఎవరు వింటారంటే, మేము వింటాం

సంపాదకులకు నమస్కారం.

మా వైపు హైస్కూలు పిల్లలు పాత సాహిత్యం మీద పాడ్‌కాస్టులు చేస్తున్నారని మీ జిల్లా పేజీలో వార్త వచ్చింది. దాని మీద పోయిన వారం ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. పరీక్షలు పెట్టుకుని పిల్లలు ఫోను ముందు కూర్చుని ఎవరికీ అర్థం కాని పద్యాలు చదివితే వినేదెవరని ఆయన అడిగారు. వినేవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి ఈ జవాబు.

నేను అంబాజీపేటలో ఒక కొబ్బరి వర్తకుడి దగ్గర పద్దులు రాస్తాను. నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. మీ పత్రిక రాగానే ముందు చూసేది కొబ్బరి ధరల పట్టిక. ఉత్తరాల శీర్షికకు రాయడం ఇదే మొదటిసారి.

మా గోదాములో తెల్లవారకముందే పని మొదలవుతుంది. మగవాళ్లు గునపానికి కాయ గుచ్చి డొక్క ఒలుస్తారు. ఆడవాళ్లు కురిడీ కాయ, అంటే లోపల కొబ్బరి ఎండిన కాయ, చిప్ప పగలగొట్టి గండేరా రకం ఒక వైపు, గటగట రకం ఒక వైపు వేరు చేస్తారు. చేతులకు తీరిక ఉండదు, చెవులకు మాత్రం బోలెడు తీరిక. ఇదివరకు సినిమా పాటలు మోగుతుండేవి. నిరుడు మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉండగా, తనూ మరో నలుగురూ కలిసి తెలుగు మాస్టారి ఫోనులో మొదటి భాగం రికార్డు చేశారు. దాన్ని గోదాములో పెట్టి వినిపించాను. అప్పటి నుంచి మావాళ్లు దాన్ని 'పిల్లల రేడియో' అంటారు. కొత్త భాగం వచ్చిన రోజున పాటలు పెట్టమని ఎవరూ అడగరు.

ఆ పిల్లల కష్టం కూడా చెప్పాలి. బడిలో గ్రంథాలయం గదిలో రికార్డు చేస్తారు. ఫ్యాను తిరిగితే ఆ చప్పుడంతా గొంతు మీదికి వస్తుందని ఆపేస్తారు. బస్సుల మోత వినపడుతుందని కిటికీలు మూస్తారు. పన్నెండు నిమిషాల భాగానికి రెండు మూడు సాయంత్రాలు చెమటలు కక్కుతూ కూర్చుంటారు. మొదటి భాగంలో మా అమ్మాయి టీవీలో వార్తలు చదివేవాళ్లలా గొంతు పెట్టి మాట్లాడింది. ఇంట్లో ఎలా మాట్లాడతావో అలాగే మాట్లాడమన్నారట మాస్టారు. రెండో భాగం నుంచి అది మా అమ్మాయి గొంతే.

మొదట ఎత్తుకున్నది నన్నయ భారతం. పదకొండో శతాబ్దంలో రాజరాజనరేంద్రుడు కోరితే రాజమహేంద్రవరంలో రాసినదని, ఆదిపర్వం, సభాపర్వం, అరణ్యపర్వంలో కొంత భాగం మాత్రమే నన్నయదని నాకు బడిలో చెప్పారు. పరీక్షలో రాసి మరిచిపోయాను కూడా. శకుంతల నిండు సభలో దుష్యంతుడితో అన్న మాటలు మాత్రం ఈ పిల్లల నోట విన్నాకే నాకు దక్కాయి. నీళ్లున్న నూతులు నూరింటికంటే ఒక బావి మేలు, బావులు నూరింటికంటే ఒక యజ్ఞం, యజ్ఞాలు నూరింటికంటే ఒక కొడుకు, కొడుకులు నూరుగురికంటే ఒక సత్యవాక్యం మేలు అంటుందామె. ఒక పిల్లవాడు పద్యాన్ని ముందు రాగం లేకుండా, పదం పదం విడదీసి చదివాడు. తర్వాత గుక్క తిప్పుకోకుండా మొత్తం చదివాడు.

మా దగ్గర అరవై దాటిన ఒక పెద్దావిడ ఉంది. నుయ్యి అన్నా బావి అన్నా ఒకటే కదా, ఒకదానికంటే ఒకటి మేలెలా అవుతుందని అడిగింది. ఆ ప్రశ్నను మా అమ్మాయికి చేరవేశాను. మాస్టారిని అడిగి తర్వాతి భాగంలో జవాబు చెప్పారు. ఇక్కడ బావి అంటే మెట్లు దిగి నీళ్లు తెచ్చుకునే దిగుడుబావి అట, 'వాపి' అనే సంస్కృత పదం నుంచి వచ్చిందట. నుయ్యి చేదతో తోడుకునేది. పెద్దావిడ కాసేపు ఆలోచించి, "మెట్లుంటే చేద లేనివాళ్లు కూడా తాగుతారు. అందుకే అది మేలు" అంది. ఆమెకు అక్షరం ముక్క రాదు. ఇంతకంటే మంచి వ్యాఖ్య నేను ఎక్కడా వినలేదు.

ఆ రోజు మరొకావిడ ఆ పద్యాన్ని మూడుసార్లు పెట్టించుకుంది. ఎందుకని మేమెవరమూ అడగలేదు. ఆమె సంగతి మాకు తెలుసు.

అర్థం కాని పద్యం అన్న మాట దగ్గర ఆ పాఠకుడికి ఒకటి చెప్పాలి. నన్నయ తన భారతం మొదట్లోనే వినేవాళ్ల గురించి చెప్పాడట. కవులు కథలోని ప్రసన్నతను, అర్థాన్ని లోతుగా తరచి చూసి మెచ్చుకుంటారు, మిగిలినవాళ్లు అక్షర రమ్యతను ఆదరిస్తారు అని. ఇది కూడా పిల్లల రేడియోలో విన్నదే. ఆ మిగిలినవాళ్లం మేము. మా అమ్మకు చదువు రాదు. అయినా భారతంలో ఎవరి కథ అడిగినా చెప్పేది. గుడి అరుగు మీద పురాణం చదువుతుంటే విని నేర్చుకుంది. మా ఇళ్లకు సాహిత్యం ఎప్పుడూ చెవుల ద్వారానే వచ్చింది. పుస్తకం మాకు తర్వాత వచ్చిన చుట్టం.

తర్వాత వీరేశలింగం గారి రాజశేఖర చరిత్రము అందుకున్నారు. 1878లో ఆయన పత్రిక వివేకవర్ధనిలో వచ్చిన నవల ఇది. దీన్ని తొలి తెలుగు నవల అంటారని చెప్పి ఊరుకోలేదు, 1872లోనే వచ్చిన శ్రీరంగరాజ చరిత్రను తొలి నవలగా చెప్పేవాళ్లూ ఉన్నారని చెప్పారు. గోల్డ్‌స్మిత్ ఇంగ్లీషు నవల ఛాయలు ఇందులో ఉన్న సంగతీ దాచలేదు. పద్నాలుగేళ్ల పిల్లలు ఉన్నదున్నట్టు చెప్పడం నాకు గర్వంగా అనిపించింది.

ఆ నవల నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టిన గోదావరితో మొదలై ధవళేశ్వరానికి చేరుతుంది. మా తోటలకు వచ్చే నీళ్లు ధవళేశ్వరం దగ్గరే కాలువలోకి మళ్లుతాయి. ఆనకట్ట 1852లో పూర్తయింది, వీరేశలింగం గారు పుట్టింది 1848లో. అంటే ఆయనా మా కాలువా ఇంచుమించు ఒక ఈడువాళ్లని ఒలుపు పనిచేసే బాబాయి లెక్క కట్టాడు. బంగారం చేస్తానని నమ్మించిన బైరాగి రాజశేఖరుడి సొత్తు కాజేసి పోయే ఘట్టం వచ్చిన రోజు గోదాములో పని ఆగిపోయినంత పనైంది. రెండేళ్ల క్రితం మా వీధికి నగలకు మెరుగు పెడతామని ఇద్దరు వచ్చారు. వాళ్లు పోయాక తూకం వేయిస్తే మా తోటికోడలి గొలుసులో సగం బంగారం లేదు. ఆ కథా ఈ కథా కలిపి మధ్యాహ్నం దాకా మాట్లాడుకున్నాం. అది గ్రాంథిక భాషని, కష్టమని ఎవరికీ తట్టలేదు. కంటితో చదివితే ముడిపడి కనిపించే సంధులు, చదివేవాడు సరైన చోట ఆగితే వాటంతట అవే విడిపోతాయి.

ఇప్పుడు మా అమ్మాయి పదో తరగతి. బడిలో పిల్లలు రికార్డు చేసుకునే గ్రంథాలయం గది తలుపులు మూశారు. పరీక్షలయ్యాక చూద్దాం అన్నారట. పరీక్షలంటే నాకూ భయమే, నా చదువు ఎక్కడ ఆగిందో నాకు తెలుసు. కానీ ఈ పని మొదలుపెట్టాకే మా అమ్మాయి నిఘంటువు తెరిచింది. ప్రతి పద్యానికి ప్రతిపదార్థం తనే రాసుకుంటోంది. తెలుగు పరీక్షకు ఇంతకంటే చదివేదేముంది? వారానికి ఒక్క పీరియడు ఇస్తే చాలు. గది ఇవ్వడం కష్టమైతే మా గోదాము వెనక గది ఉంది. కొబ్బరి పీచు బస్తాల మధ్య గొంతు ఎంత శుభ్రంగా వినపడుతుందో ఒక ఆదివారం చూశాం కూడా. మా యజమాని ఒప్పుకున్నారు.

పిల్లలకు కూడా ఒక మాట. ఎక్కువమంది వింటారని పద్యాలు తీసేసి కథ మాత్రమే చెప్పమని ఎవరో సలహా ఇచ్చారని విన్నాను. దయచేసి తీసేయకండి. కథ మాకు కొంత తెలుసు, మేము ఎదురుచూసేది ఆ మాటల కోసం.

వాళ్లు ఆపిన చోట రాజశేఖరుడు ఉన్నదంతా పోగొట్టుకుని, ఇంటిల్లిపాదితో కాశీకి బయలుదేరి ధవళేశ్వరం దాటాడు. పెద్దావిడ రోజూ పొద్దున్నే రాగానే ఆయన కాశీ చేరాడా అని నన్ను అడుగుతోంది. పుస్తకం తెచ్చి నేను చదువుతానన్నాను. వద్దంది, ఆ పిల్లవాడి గొంతులోనే వింటానంది.

ఇట్లు
కొబ్బరి గోదాములో పద్దులు రాసే ఒక పాఠకురాలు,
అంబాజీపేట, కోనసీమ