కరపత్రాల సంగతి సరే, నీళ్లలో క్లోరిన్ ఎంత?

సంపాదకులకు,

తుఫానో భూకంపమో వచ్చిపోయాక క్రైస్తవ మిషన్ల సహాయ కార్యక్రమాల మీద పత్రికల్లో జరిగే చర్చ గానుగెద్దులా ఒకే చోట తిరుగుతుంది. సాయం పేరు చెప్పి మతమార్పిడి చేస్తున్నారని ఒకరు రాస్తారు. సేవను శంకించడం అన్యాయమని ఇంకొకరు జవాబిస్తారు. మొదటి ప్రశ్న అడగదగిందే. కానీ దానికి జవాబు 1994లోనే రాతపూర్వకంగా వచ్చింది. రెడ్‌క్రాస్ ఉద్యమం, స్వచ్ఛంద సంస్థలు కలిసి ఆ ఏడాది రాసుకున్న ప్రవర్తనా నియమావళి ప్రకారం సాయానికి ప్రాతిపదిక అవసరం ఒక్కటే. జాతి, మతం చూడకూడదు. ఏ రాజకీయ, మత అభిప్రాయాన్నీ ముందుకు తేవడానికి సాయాన్ని వాడకూడదు. ఈ నియమావళి వెనకున్న సంస్థల్లో క్యాథలిక్కుల సహాయ సంస్థ కారితాస్, లూథరన్ వరల్డ్ ఫెడరేషన్, వరల్డ్ కౌన్సిల్ ఆఫ్ చర్చెస్ ఉన్నాయి. అంటే బయటివాళ్లెవరో చర్చిల మీద రుద్దిన షరతు కాదిది.

మా ఫిర్యాదు వేరు. ఈ వాదన హోరులో అసలు పని నాణ్యత గురించి అడిగేవాళ్లే లేరు. ఊళ్లోని చర్చి సంఘం పంచిన నీళ్లు తాగడానికి పనికొచ్చాయా? జాబితాలో ఎవరి పేరు రాలేదు? లెక్క ఎక్కడ అంటించారు? మిషన్‌ను మెచ్చుకునేవాళ్లకూ తిట్టేవాళ్లకూ ఈ మూడూ పట్టవు.

జాబితాతో మొదలుపెడదాం. స్థానిక సంఘానికున్న అసలు బలం డబ్బు కాదు. విపత్తుకు ముందు రోజూ అది అక్కడే ఉంది, లారీలు వెళ్లిపోయాకా ఉంటుంది. మంచం పట్టిన ముసలావిడ ఏ ఇంట్లో ఉందో, మగదిక్కు లేని సంసారం ఏదో పాస్టరుకు ఒకరు చెప్పక్కర్లేదు. బయటి సంస్థ వారం తిరిగి సేకరించే సమాచారం ఆయన నోటి మీదే ఉంటుంది. చిక్కు కూడా అక్కడే ఉంది. ఆయనకు బాగా తెలిసినవాళ్లంటే ఆదివారం కనిపించేవాళ్లే. ఎవరికీ దురుద్దేశం లేకపోయినా సాయం జాబితా మెల్లగా సంఘ సభ్యుల పట్టీగా మారిపోతుంది. అద్దెకున్నవాళ్లు, గుర్తింపు కాగితాలు కొట్టుకుపోయినవాళ్లు, వలస కూలీలు, ఊరికి దూరంగా గుడారం వేసుకున్నవాళ్లు జారిపోతారు.

దీనికి మందు కష్టమైంది కాదు. ఇద్దరిద్దరుగా గడప గడపకూ వెళ్లాలి. ఇద్దరిలో ఒకరు ఆ సంఘానికి చెందనివారై ఉండాలి. ప్రతి ఇంటికీ ఒక వరస సంఖ్య ఇచ్చి, ఇంట్లో ఎందరున్నారు, అయిదేళ్లలోపు పిల్లలెందరు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కదల్లేనివారు ఉన్నారా అన్నది రాసుకోవాలి. ఇంటి యజమానికీ అద్దెకున్నవారికీ వేర్వేరు సంఖ్యలు ఇవ్వాలి. పూర్తయిన జాబితాను నలుగురిలో పైకి చదివి, చర్చి గోడకు మాత్రమే కాకుండా అందరూ వచ్చిపోయే మరో చోట కూడా అంటించి, అభ్యంతరాలకు ఒక రోజు గడువివ్వాలి. ఆ తర్వాతే టోకెన్లు. ఈ ఒక్క రోజు ఆలస్యానికి ఒప్పుకోని సంఘాలే పంపకం రోజున తోపులాటకు పోలీసుల్ని పిలుచుకుంటాయి. పంపకంలో పక్షపాతమన్నది సంఘానికి కొత్త ఫిర్యాదేమీ కాదు. బైబిల్లో అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయంలోనే ఉంది: అనుదిన పంపకంలో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు అందడం లేదని సణుగుడు మొదలైంది. మాకు అంతా తెలుసని అపొస్తలులు తోసిపుచ్చలేదు. ఏడుగురిని ఏర్పరచి ఆ పని వాళ్లకు అప్పగించారు. ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే కావడం గమనించదగింది.

ఇక నీళ్లు. సహాయ కార్యక్రమాల్లో ఎక్కువ శ్రద్ధ కావలసిందీ, తక్కువ శ్రద్ధ దొరికేదీ ఇదే. సహాయ సంస్థలు కలిసి రాసుకున్న, 1997లో మొదలైన స్ఫియర్ ప్రమాణాల ప్రకారం తాగడానికి, వంటకు, ఒంటి శుభ్రతకు కలిపి మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు కావాలి. అయిదువందల మంది ఉన్న శిబిరానికి 7,500 లీటర్లన్న మాట. సీసా నీళ్ల పెట్టెలతో ఇది తీరదు. 250 మందికి ఒక కుళాయి, 500 మందికి ఒక చేతిపంపు, నీళ్ల చోటు గుడారానికి 500 మీటర్లకు మించని దూరంలో, వరసలో నిలబడేది అరగంటకు మించకుండా ఉండాలి. దూరం పెరిగితే జనం నీళ్ల వాడకాన్నే తగ్గించుకుంటారు, మొదట తగ్గేది చేతులు కడుక్కోవడం.

వరద నీరు చేరిన బావిలో గుప్పెడు బ్లీచింగ్ పౌడరు చల్లి శుద్ధి అయిందనుకోవడం అన్నిచోట్లా కనిపించే తప్పు. నీళ్లు బురదగా ఉంటే క్లోరిన్ క్రిములకన్నా ముందు ఆ మట్టి మీదే ఖర్చయిపోతుంది. మొదట పటికతో మడ్డి తేర్చి, పైతేట నీటిని వేరే తొట్టిలోకి వంచుకుని, అప్పుడు క్లోరిన్ కలపాలి. రెండూ ఒకేసారి వేస్తే రెండూ దండగే. మడ్డితనం 5 ఎన్‌టీయూల (మడ్డిని కొలిచే ప్రమాణం) లోపుకు రావాలి, దాన్ని చూడటానికి గీతలున్న గొట్టం ఒకటి చాలు.

మోతాదు ఊహించి వేసేది కాదు. లీటరు నీటికి 33 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడరు కలిపితే సుమారు 1 శాతం ద్రావణం అవుతుంది. సున్నం అడుక్కి దిగాక పైతేటే వాడాలి. ప్లాస్టిక్ పాత్రలో, మూతపెట్టి, ఎండ తగలకుండా ఉంచాలి. లోహపు పాత్ర పనికిరాదు. తర్వాత 20 లీటర్ల ప్లాస్టిక్ బకెట్లు నాలుగు తీసుకుని ఆ నీటినే నింపి, వరసగా 2, 4, 6, 8 మిల్లీలీటర్ల ద్రావణం వేసి కలిపి అరగంట ఆగాలి. ఈత కొలనుల దగ్గర వాడే చిన్న పరీక్ష పెట్టెలో డీపీడీ మాత్ర (క్లోరిన్‌ను పట్టిచ్చే మందు) వేస్తే, క్లోరిన్ ఉన్న నీరు గులాబీ రంగుకు తిరుగుతుంది. మిగిలిన క్లోరిన్ లీటరుకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాముల మధ్య ఏ బకెట్లో ఉందో అదే మోతాదు. 4 మిల్లీలీటర్ల బకెట్ కుదిరిందనుకోండి, 5,000 లీటర్ల ట్యాంకుకు సరిగ్గా ఒక లీటరు ద్రావణం పడుతుంది. వాన పడి నీటి రంగు మారితే పరీక్ష మళ్లీ మొదటినుంచి చేయాలి.

ఇంత చేసినా ఎక్కడ చెడుతుంది? మొదటిది పౌడరు. చెమ్మ తగిలిన సంచిలో క్లోరిన్ ఎగిరిపోయి సున్నం మిగులుతుంది. దాత ఎవరో నిరుడు పంపిన సంచీని కొత్తదానిలా కొలిచి వేస్తే నీళ్లకు రంగు మారుతుంది తప్ప గుణం మారదు. రెండోది అతిచేయడం. వాసన ఘాటెక్కితే జనం మొహం తిప్పుకుని మళ్లీ వాగు నీళ్లకే పోతారు. మూడోదే అసలు గొడవ: ట్యాంకు దగ్గర 0.5 చూపించిన నీళ్లు ఇంట్లో సాయంత్రానికి సున్నా చూపిస్తాయి. కారణం మూతలేని బిందె, అందులో ముంచే చెయ్యి. అందుకే కుటుంబానికి 10 నుంచి 20 లీటర్లు పట్టే పాత్రలు రెండు ఇవ్వాలంటారు, ఒకటి మోయడానికి, ఒకటి నిల్వకు. నిల్వ పాత్రకు మూతి చిన్నదిగానో, కుళాయి ఉన్నదిగానో ఉండాలి. రోజూ నాలుగైదు ఇళ్లలో కూడా క్లోరిన్ చూడాలి. ట్యాంకు దగ్గర మాత్రమే చూసి తృప్తిపడటం సగం పనే.

ఉప్పునీరు చేరిన బావుల సంగతి మరీ వేరు. క్లోరిన్ ఉప్పును తీయదు. బాగుచేసే తొందరలో పంపులు పెట్టి ఆపకుండా తోడేస్తే అడుగునున్న ఉప్పునీరు పైకి లాక్కొస్తుంది. 2004 సునామీ తర్వాత శ్రీలంక తూర్పు తీరంలో అతిగా తోడటం వల్ల బావులు ఇంకా చెడ్డాయి. అలాంటి చోట బావిలోని చెత్త, బురద తీసి, కొద్దికొద్దిగా తోడి వానలకు వదిలెయ్యాలి. అందాకా నీళ్లు బయటినుంచి తేవాల్సిందే. ఓపిక పట్టమని చెప్పడం ఫోటోలో పడే పని కాదు కాబట్టి ఎవరూ చెప్పరు.

మరుగుదొడ్లకు లెక్క: మొదటి రోజుల్లో 50 మందికి ఒకటి, వీలైనంత త్వరగా 20 మందికి ఒకటి. ఆడవాళ్లకు మూడుంటే మగవాళ్లకు ఒకటి. నీటి వనరుకు 30 మీటర్ల ఎడం ఉండాలి, గుంట అడుగు భూగర్భ జలమట్టానికి మీటరున్నర పైన ఉండాలి. నీరు పైకొచ్చిన నేలలో గుంట తవ్వడం కన్నా దిబ్బ కట్టి దానిమీద కట్టడం మేలు. లోపల గడియ లేకపోయినా, దారిలో దీపం లేకపోయినా ఆడవాళ్లు రాత్రి వెళ్లరు, తవ్విన గుంట తవ్వినట్టే ఉంటుంది. సాయానికి వచ్చినవాళ్ల మరుగుదొడ్డి ఎక్కడ ఖాళీ అవుతోందన్నది కూడా అడగాలి. 2010 అక్టోబరులో హైతీలో కలరా మొదలైంది ఐక్యరాజ్యసమితి శాంతిదళాల శిబిరం మురుగు నదిలో కలవడం వల్ల. అందులో తన పాత్రను సమితి 2016లో ఒప్పుకుంది. అక్కడ మిషన్ల తప్పేమీ లేదు, కానీ బస్సుల్లో దిగే వాలంటీర్లందరికీ ఆ పాఠం వర్తిస్తుంది.

టార్పాలిన్ గురించి రెండు మాటలు. కుటుంబానికి 4 మీటర్లకు 6 మీటర్ల పట్టాలు రెండు, 30 మీటర్ల తాడు, మేకులు, సుత్తి, రంపం, పార కలిపి ఇస్తేనే అది గూడవుతుంది. ఉత్త పట్టా ఇస్తే చాలామంది కిందే పరుచుకుంటారు. మనిషికి మూడున్నర చదరపు మీటర్ల నీడ కావాలి. పట్టాలోంచి నేరుగా మేకు దిగ్గొడితే మొదటి గాలికే అక్కడ చిరుగుతుంది. మేకు కింద చెక్క బద్ద పెట్టాలి. తాడు దూర్చే రంధ్రం లేనిచోట చిన్న గులకరాయిని పట్టాలో చుట్టి దాని మెడకు తాడు బిగించాలి. కప్పుకు వాలు ఉండాలి, బల్లపరుపుగా కడితే నీరు కుంటకట్టి పొట్టలా వేలాడి చిరుగుతుంది.

పంపకం రోజు పొరపాట్లలో పెద్దది, ముందు ప్రార్థన పెట్టి తర్వాత సరుకులు ఇవ్వడం. బలవంతమేమీ లేదండీ, ఇష్టమున్నవాళ్లే కూర్చుంటారు అంటారు. చేతిలో టోకెను, చంకలో పిల్ల ఉన్న తల్లికి ఇష్టమన్న మాటకు అర్థమేముంది? పంపకం చర్చి ఆవరణ బయట జరగాలి. సంచిలో కరపత్రం ఉండకూడదు. సువార్త చెప్పే మనిషి, సరుకు ఇచ్చే మనిషి ఒకరే కాకూడదు. ఎవరైనా తానుగా వచ్చి ప్రార్థన చెయ్యమంటే చెయ్యండి, అది వేరు. యేసు చెప్పిన మంచి సమరయుని కథలో ఆ ప్రయాణికుడు దారిలో దెబ్బలు తిని పడి ఉన్నవాడి గాయాలు కట్టాడు, పూటకూళ్ల ఇంటికి చేర్చాడు, రెండు దేనారాలు ఇచ్చాడు, ఇంకా ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. పడి ఉన్నవాడి విశ్వాసమేమిటని అడిగిన జాడ అందులో లేదు.

పంపకూడనివి కొన్ని ఉన్నాయి. పాలపొడి డబ్బాలు మొదటివి. శుభ్రమైన నీరు లేనిచోట డబ్బా పాలు పసిబిడ్డకు విరేచనాలు తెస్తాయి, ఈలోగా తల్లికి పాలు తగ్గిపోతాయి. పాలిచ్చే తల్లికి ఎక్కువ తిండి, కాస్త చాటు ఉన్న చోటు ఇస్తే బిడ్డకు సాయం చేసినట్టే. తల్లి లేని బిడ్డకు ఆరోగ్య కార్యకర్త పర్యవేక్షణలో మాత్రమే, అదీ సీసాతో కాక కప్పుతో పట్టాలి. రెండోది ఇళ్లలో మిగిలిన మందులు. 1988 ఆర్మేనియా భూకంపం తర్వాత 5 వేల టన్నుల మందులు, వైద్య సామగ్రి వచ్చి పడితే, ఏవి ఏమిటో తేల్చడానికి 50 మందికి ఆరు నెలలు పట్టింది. మందులు వచ్చేసరికి ఇంకా కనీసం ఏడాది గడువు ఉండాలనీ, అక్కడివాళ్లు చదవగలిగే భాషలో పేరుండాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పాత బట్టల గురించి చెప్పేదేముంది! అంగళ్లు తెరిచి ఉంటే వస్తువుకన్నా నగదు మేలు. డబ్బు పాడుచేస్తారన్న భయంతో చాలా సంఘాలు ఇందుకు జంకుతాయి. ఆ భయంతో ఇచ్చిన బట్టల మూటలను బాధితులే సగం ధరకు అమ్ముకుని కావలసింది కొనుక్కుంటారు.

పిల్లల విషయంలో మంచి మనసు చేసే హాని చెప్పనలవి కాదు. 2010 జనవరిలో హైతీ భూకంపం తర్వాత అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు బృందంలోని పదిమంది, సరైన కాగితాలు లేకుండా 33 మంది పిల్లలను డొమినికన్ రిపబ్లిక్‌కు దాటిస్తుండగా పట్టుబడ్డారు. అనాథలన్నారు కానీ వాళ్లలో చాలామందికి తల్లిదండ్రులు బతికే ఉన్నారు. ఒంటరిగా దొరికిన పిల్లవాణ్ని ఎక్కడికీ తరలించకూడదు. ఎక్కడ, ఎప్పుడు, ఏ బట్టలతో దొరికాడో, ఏం మాట్లాడుతున్నాడో రాసుకుని, ఫోటో తీసి, ప్రభుత్వ శిశు సంరక్షణ అధికారులకు తెలపాలి. బంధువులెవరైనా ఉంటే వాళ్ల దగ్గరే ఉంచే ఏర్పాటు చూడాలి. అత్యవసర రోజుల్లో దత్తత మాటే రాకూడదు. కొత్త అనాథాశ్రమానికి చందాలు వస్తున్నకొద్దీ, తిండికోసం బిడ్డను అక్కడ వదిలే తల్లులూ పెరుగుతారు.

లెక్కల దగ్గర అపొస్తలుడైన పౌలును మించిన ఆడిటరు అక్కర్లేదు. యెరూషలేముకు చందా పంపేటప్పుడు ఆయన ఆ సొమ్మును తానొక్కడే మోయలేదు. ఇంత మొత్తం విషయంలో ఎవరూ వేలెత్తకూడదని సంఘాలు ఎన్నుకున్న మనిషిని వెంట పెట్టుకున్నాడు. రెండో కొరింథీ ఎనిమిదో అధ్యాయం చూడొచ్చు. వచ్చింది, ఇచ్చింది, పాడైంది, మిగిలింది అని నాలుగు గడుల పట్టిక రాసి, పంచిన చోటే అంటిస్తే చాలు. ఫిర్యాదు మాత్రం పాస్టరు ద్వారా వెళ్లేలా ఉండకూడదు. పెట్టెను ఇద్దరు తెరవాలి, ఒకరు స్త్రీ అయివుండాలి. సరుకు ఇచ్చేవాడు ఆడవాళ్లతో తప్పుగా ప్రవర్తిస్తే ఆ మాట అతని దగ్గరికే చేరే దారి ఉన్నచోట ఎవరూ నోరు విప్పరు.

మీ పాఠకుల్లో మిషన్లకు కానుకలు పంపేవాళ్లు ఎందరో ఉంటారు. పంపేముందు శిబిరంలో క్లోరిన్ పుస్తకం ఫోటో ఒకటి అడగమని మనవి. తేదీ, వేళ, ట్యాంకు దగ్గర ఎంత, ఇంటి దగ్గర ఎంత అని నాలుగు గడులుంటాయి. చివరి గడి ఖాళీగా ఉంటే, టార్పాలిన్ల కన్నా ముందు డీపీడీ మాత్రలకు, మూతలున్న పాత్రలకు డబ్బు పంపండి.

ఇట్లు,
సహాయ శిబిరాల్లో నీరు, పారిశుద్ధ్యం పని చూసే కొందరు పాఠకులు