పురిటి వార్డు కిటికీ గురించి అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి,

నమస్కారం. ఇది మీకు నేను పెట్టుకుంటున్న నాలుగో అర్జీ. మొదటి మూడూ స్కూలు మాస్టారిని బతిమాలి ఒడియాలో రాయించాను. అవి మీ దాకా వచ్చాయో, ఊగే బల్ల కాలు కింద మడతపెట్టి ఎవరైనా దోపుకున్నారో తెలీదు. అందుకే ఈసారి నా భాషలో, పదిమందీ చదివేలా రాస్తున్నాను. మీ ఆఫీసులో తెలుగు చదవడం వచ్చినవాళ్ళు ఇద్దరున్నారు. ఇద్దరూ నా కొట్లోనే ఇడ్లీ తింటారు. చదివి వినిపించమనండి.

మీ పేరు గానీ ఆసుపత్రి పేరు గానీ రాయడం లేదు. రాస్తే కిటికీ సంగతి పక్కకిపోయి పేర్ల మీద రాద్ధాంతం మొదలవుతుంది. సాలూరు దాటి ఘాటెక్కి ఒడిశాలోకి వచ్చాక ఏ ఆసుపత్రి పురిటి వార్డు కిటికీకి ఫ్లెక్సీ కొట్టి ఉందో మీకు తెలుసు. ఆ గేటుకెదురుగా ఉన్న టిఫిన్ కొట్టు నాది.

అయ్యా, సంగతి చాలా చిన్నది. వార్డులో తూర్పు వైపు కిటికీకి అద్దాల్లేవు. రెండేళ్ళ కిందటి వానాకాలంలో గాలివానకి రెక్కలు టపటపా కొట్టుకుని, ఒకటి ఊడి కిందపడింది, రెండోదానికి చట్రం మాత్రం మిగిలింది. వానల్లో పోయింది కదా, చలికాలానికి వేస్తారులే అనుకున్నాం. చలి వచ్చింది, శివరాత్రికి శివశివా అనుకుంటూ వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. ఇప్పుడు నడుస్తున్నది మూడో చలికాలం. చలికున్న క్రమశిక్షణ మీ ఫైలుకి లేకపోయింది.

మొదట అట్టముక్క అడ్డం పెట్టారు. మంచుకి నాని ఊడింది. తర్వాత ఎవరో పాత ఎక్స్‌రే ఫిల్ములు అతికించారు. నాలుగు రోజులు ఎవరివో పక్కటెముకల్లోంచి సూర్యోదయం చూశారు బాలింతలు. పోయిన మార్చిలో అసలైన ఉపాయం దొరికింది. సాన్స్ అనే ప్రభుత్వ నిమోనియా ప్రచారం ఫ్లెక్సీ. నిమోనియా నుంచి పసిపిల్లల్ని కాపాడండి అంటూ నవంబరు 12 నుంచి ఫిబ్రవరి 28 దాకా గేటుకి వేలాడింది కదా, కార్యక్రమం అయిపోయాక దాన్నే విప్పి కిటికీకి మేకులతో కొట్టారు. దాని మీద నవ్వుతున్న అమ్మ బొమ్మ ఉంది, బిడ్డకి చలిగాలి తగలనివ్వకండి అన్న మాటుంది. ఆ మాట పక్కనే జానెడు చిరుగు. రాత్రంతా గాలి అందులోంచే వస్తుంది. ఒడియా రానివాళ్ళు ఏం రాసుంది అని నన్నడుగుతారు. చెప్పడానికి నాకు నోరు రాదు.

మాది దాదాపు 3,000 అడుగుల ఎత్తున్న ఊరు. దేవమాలి కొండ మీద నుంచి దిగే మంచు పొద్దున తొమ్మిదైనా విడవదు. కింద పార్వతీపురంలో పుట్టింటివాళ్ళు ఫ్యాను వేసుకుని పడుకునే రోజున నేను పొయ్యి వదిలి కదలను. ఇక చలిగాలుల హెచ్చరిక లెక్క మరీ వింత. మైదానమైతే కనిష్ఠం 10 డిగ్రీలకి తగ్గాలట, కొండ ప్రాంతమైతే 0 దాకా పడాలట, అప్పుడు గానీ లెక్కలోకి రాదట. మమ్మల్ని ఎందులో కలిపారని మొన్న ఒకాయన్ని అడిగితే నవ్వి ఇంకో టీ చెప్పాడు. నాలుగు రోజుల పసిగుడ్డుకి ఆ తేడా ఏం తెలుస్తుంది లెండి.

కాన్పయ్యాక 48 గంటలు ఆసుపత్రిలోనే ఉండాలన్నది మీ నియమమే. మంచి నియమం. తల్లికి రక్తస్రావమైనా, బిడ్డ ఒళ్ళు చల్లబడినా, పాలు తాగకపోయినా మొదటి రెండు రోజుల్లోనే కనిపెట్టాలి. అందుకే మూడు రోజులు తిండి కూడా ఉచితంగా పెడుతున్నారు. మరి ఆ 48 గంటలూ ఎవరుంటున్నారు? రాత్రి కాన్పయితే తెల్లారి పదికల్లా ఆటో మాట్లాడుకుంటున్నారు. ఇంట్లో అయితే తలుపేసుకోవచ్చు అంటారు. ఆశా దిదీలు ఆటోకి అడ్డం నిలబడి మరీ బతిమాలుతారు. వెళ్ళిపోతే మీటింగులో మాటలు పడేది వాళ్ళే. ఆ రిజిస్టరులో ఏం కారణం రాస్తారో నేను చూడలేదు గానీ, ఇష్టపూర్వకంగా వెళ్ళారు అని ఉంటే అది అబద్ధం. ఆ కిటికీయే వాళ్ళని పంపించేసింది.

ఉన్నవాళ్ళు ఎలా ఉంటున్నారో కూడా వినండి. వార్డులో ఏడు మంచాలు. మూడో నంబరు మంచం సరిగ్గా కిటికీ కింద. ఆ మంచం ఎవరికి వస్తుందో చూస్తే మన సమాజం మొత్తం తెలిసిపోతుంది. ఊళ్ళోవాళ్ళు, ఉద్యోగస్తులు, కాస్త నోరున్నవాళ్ళు గోడవైపు మంచాలు పట్టేస్తారు. గొడవపడటం రానివాళ్ళకి, కొండ మీద గూడేల నుంచి వచ్చే పరజ, కోంధు ఆడపిల్లలకి మూడో నంబరు. వాళ్ళు ఏమీ అనరు. చీర కొంగు బిడ్డకి చుట్టి కిటికీకి వీపు పెట్టుకుని కూర్చుంటారు. తెల్లారేదాకా అలాగే.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పుకోవాలి. పోయిన పుష్యంలో మా చిన్నమ్మాయి అక్కడే కన్నది. దానికొచ్చింది మూడో నంబరే. సిస్టరమ్మ రోజూ నా కొట్లో టిఫిన్ తినేదే, ఒక్క మాట చెప్పాను, మంచం మారింది. మా అమ్మాయి ఖాళీ చేసిన మంచం మీదకి ఓ పరజ పిల్ల వచ్చింది. తొలి కాన్పు, పద్దెనిమిది పందొమ్మిదేళ్ళు ఉంటాయేమో. ఆ రాత్రి రెండుసార్లు వేడినీళ్ళు పట్టుకెళ్ళి ఇచ్చాను. తెల్లారి చూస్తే మంచం ఖాళీ. ఆ బిడ్డ ఏమయిందో తెలీదు. సంతకి ఆ వైపు నుంచి పసుపు, అల్లం తెచ్చేవాళ్ళు కనిపిస్తే అడుగుతుంటాను. ఇంతవరకూ ఎవరూ చెప్పలేకపోయారు.

వేడినీళ్ళంటే గుర్తొచ్చింది. నేను సీసాల్లో పోసిస్తే బిడ్డ పక్కన పెట్టుకునేవాళ్ళు. సిస్టరమ్మ నన్ను పిలిచి చీవాట్లు పెట్టింది. పసిచర్మం కాలిపోతుందమ్మా, అలా పెట్టకూడదు అంది. సరే, మానేశాను. ఒకావిడ కుంపటి తెచ్చి మంచం కింద పెట్టింది. దానికీ కేకలే. ఆ కేకలూ న్యాయమే. బొగ్గుల కుంపటి మూసిన గదిలో పెడితే వచ్చే విషవాయువుకి రంగూ ఉండదు, వాసనా ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. గాలాడేలా కాస్త తెరిచి ఉంచాలంటారు. మన వార్డులో ఆ ఇబ్బంది లేదనుకోండి, గాలి ఆడుతూనే ఉంటుంది.

మరేం చెయ్యాలి అంటే, బిడ్డని తల్లి గుండెలకి చర్మానికి చర్మం ఆనించి పడుకోబెట్టమంటారు. కంగారూ పద్ధతట. 1978లో కొలంబియాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలుపెట్టారట. పైసా ఖర్చు లేదు, బంగారంలాంటి పద్ధతి. బిడ్డ ఒళ్ళు 36.5 నుంచి 37.5 డిగ్రీల మధ్య ఉండాలంటే తల్లి ఒంటిని మించిన వెచ్చదనం లేదు. కానీ అయ్యా, ఆ తల్లి రవిక విప్పాలి కదా. విప్పితే వణుకు. పైగా కిటికీ అవతల సైకిళ్ళ స్టాండు. ఫ్లెక్సీ చిరుగులోంచి టీ గ్లాసులతో నిలబడ్డ మగాళ్ళు కనిపిస్తుంటారు. మీ ఇంటి ఆడపిల్లనైతే అక్కడ పడుకోబెడతారా? ఈ ప్రశ్న మర్యాద కాదని తెలుసు. మర్యాదగా అడిగినవి మూడు అర్జీలున్నాయి, వెతికించుకోండి.

మొదటి అర్జీకి జవాబే లేదు. రెండోది పట్టుకుని సోమవారం గ్రీవెన్సుకి వచ్చాను. కొట్టు మూసుకుని, రోజు బేరం పోగొట్టుకుని, మూడు గంటలు వరసలో నిలబడితే, చూసినాయన 'హెబ, హెబ' అన్నారు. అవుతుంది, అవుతుంది. మా ఇంట్లో ఇప్పుడు ఏ పనైనా వాయిదా వేస్తే మా మనవడు కూడా హెబ అంటున్నాడు. మూడోది ఆన్‌లైన్‌లో పెట్టించాను. నలభై రోజులకి ఫోనుకి మెసేజీ వచ్చింది, మీ ఫిర్యాదు పరిష్కరించబడినది అని. వెర్రిదాన్ని, చేతిలో ఉన్న పిండి కడుక్కోకుండా పరిగెత్తాను. ఫ్లెక్సీ రెపరెపలాడుతూ కనిపించింది. ఏం పరిష్కరించారో ఇప్పటికైనా చెప్పండి. ఇంకెక్కడైనా, ఇంకెవరిదైనా కిటికీ బాగుచేశారా?

డబ్బుల్లేవని మాత్రం అనకండి. చిన్నాచితకా మరమ్మతుల కోసమే రోగి కళ్యాణ సమితి ఉందని నాకు చెప్పింది మీ సిబ్బందే. మా వీధి వడ్రంగి వచ్చి చూసి రెక్కకీ అద్దాలకీ కూలీకీ కలిపి రెండువేల లోపే అన్నాడు. నేనూ, మందుల షాపాయనా, ఆటోవాళ్ళూ వేసుకుందామనుకున్నాం. కొలతలు తీసుకుంటుంటే ఒకాయనొచ్చి ఆపేశాడు. గవర్నమెంటు బిల్డింగు ముట్టుకోకూడదట, ఇంజినీరు చూసి ఎస్టిమేటు వెయ్యాలట. ముట్టుకోం సరే. ఆ ఇంజినీరు గారు ఏ ఘాటు ఎక్కలేక ఆగిపోయారో కనుక్కుంటారా? పొగమంచు అనుకుంటే, మధ్యలో రెండు ఎండాకాలాలు కూడా వెళ్ళాయి.

మొన్న నవంబరులో కొత్త ఫ్లెక్సీ వచ్చింది. పాతదానికన్నా పెద్దది, రంగులు కూడా బాగున్నాయి. రెండు నెలలలోపు బిడ్డ నిమిషానికి 60 సార్లు, ఆపైన ఊపిరి తీస్తుంటే వెంటనే తీసుకురండి, డొక్కలు ఎగరేస్తుంటే ఆలస్యం చెయ్యకండి అని మైకులో కూడా చెప్పారు. మంచి మాటలు. వచ్చినవాళ్ళకి నేనూ అవే చెబుతున్నాను. తీసుకొస్తారు కూడా. తీసుకొచ్చాక ఏ మంచం ఇస్తారో అదే నా భయం. ఈ ఫ్లెక్సీ ఖర్చులో ఒక మూల చించి ఇచ్చినా అద్దాలు వచ్చేవి కదా అని గేటు తీసినప్పుడల్లా అనిపిస్తుంది.

నేను హీటర్లు అడగడం లేదు. కొత్త వార్డు అడగడం లేదు. రగ్గుల పంపిణీ, దాని ముందు ఫొటోలు అసలే అడగడం లేదు. కిటికీ వేయించండి. ఇంజినీరు గారు రాలేకపోతే వడ్రంగిని ఆపకండి. అదీ కుదరదంటే మూడో నంబరు మంచమైనా అక్కడి నుంచి తీయించండి. పుష్యం ఇంకా సగం ఉంది. ఈ వారంలో కాన్పుకి రావాల్సినవాళ్ళు నలుగురున్నారని ఆశా దిదీ చెప్పింది. దయచేసి కిటికీ వేయించండి.

ఎస్టిమేటు కోసం ఆగక్కర్లేకుండా కొలతలు నేనే రాస్తున్నాను. వడ్రంగిని ఆపేలోపు ఇంతవరకూ తీశాడు. కిటికీ వెడల్పు నాలుగడుగులు, ఎత్తు మూడున్నర. రెక్కలు రెండు. ఒక రెక్క కొత్తది చెయ్యాలి, రెండోదాని చట్రం గట్టిగానే ఉంది, అద్దాలు వేస్తే చాలు. రెక్కకి మూడు చొప్పున మొత్తం ఆరు అద్దాలు. కింది అద్దాలు గరుకువైతే మేలు, సైకిళ్ళ స్టాండు ఉంది కనక. గడియ పెట్టించడం మర్చిపోకండి.

ఇట్లు,
గేటుకెదురు టిఫిన్ కొట్టు నుంచి