గ్లిజరిన్ చిట్కాలో కొలత ఏది?

సంపాదకులకు నమస్కారం.

చలి మొదలైందంటే చాలు, ‘పడుకునే ముందు ముఖానికి గ్లిజరిన్ రాసుకోండి’ అనే చిట్కా ప్రతి పత్రికలోనూ వస్తుంది. ఎంత రాయాలో, దేనిలో కలపాలో మాత్రం ఉండదు. సీసాలోది ఉన్నదున్నట్టు పూసుకుని, ముఖం మెత్తబడకపోగా బిగుసుకుపోయి మంట పుడుతోందని బాధపడేవాళ్లు అందుకే ఎక్కువ.

గ్లిజరిన్ నూనె కాదు, నీటిని పట్టి ఉంచే పదార్థం. గాలిలో తేమ ఉంటే అక్కడి నుంచి తీసుకుంటుంది. లేకపోతే చర్మం లోపలి పొరల నుంచే పైకి లాగుతుంది, ఆ తేమ కాస్తా గాలికి ఆరిపోతుంది. కాకినాడలో సుఖంగా అనిపించిన సీసా, ఆదిలాబాద్ చలిగాలిలో చర్మాన్ని మరింత ఎండగట్టేది ఇందువల్లే.

ముఖానికి 10 మి.లీ. గ్లిజరిన్, అంటే రెండు టీస్పూన్లు, 90 మి.లీ. రోజ్ వాటర్ లేదా కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి. చిక్కగా ఉండి చెంచాకే అంటుకుపోతుంది కాబట్టి ఆ చెంచాను అవే నీళ్లలో తిప్పాలి. చేతులకు, కాళ్లకు ఒక వంతుకు నాలుగు వంతుల నీళ్లు చాలు. స్నానం చేశాక ఒళ్లు పూర్తిగా ఆరకముందే రాసి, రెండు నిమిషాల తర్వాత పైన పలుచగా కొబ్బరినూనె గానీ వాజిలిన్ గానీ పట్టించాలి. చాలామంది వదిలేసేది ఈ రెండో పూతనే, పొడిగాలి ఉన్నచోట తేమను లోపల ఆపేది అదే. రెండూ ఒకే సీసాలో పోసి పెట్టుకుంటే కుదరదు, నూనెలో గ్లిజరిన్ కరగదు, అడుక్కి దిగిపోతుంది.

జుట్టుకైతే 100 మి.లీ. నీళ్లకు ఒక టీస్పూను మించకూడదు. ఎక్కువైతే జిగురుగా మారి దుమ్ము పడుతుంది, ఉక్కపోత రోజుల్లో వెంట్రుకలు ఉబ్బి రేగుతాయి. మడమల పగుళ్లు లోతుగా ఉండి నెత్తురు కనిపిస్తుంటే గ్లిజరిన్ వద్దు, వాజిలిన్ రాసి నూలు సాక్సులు వేసుకుంటే సరి. మధుమేహం ఉన్నవారు డాక్టరుకు చూపించాల్సిందే.

ఇందులో నిమ్మరసం పిండమనే సలహా అసలు ఇవ్వకూడదు. దాని పులుపు పొడిచర్మాన్ని మండిస్తుంది. అది రాసుకుని ఎండలోకి వెళితే బొబ్బలు, నల్లమచ్చలు రావచ్చు.

అసలు గ్లిజరిన్ చాలాకాలం చెడదు, అందులో క్రిములకు నీరు అందదు కనుక. ఇన్ని నీళ్లు కలిపాక ఆ రక్షణ పోతుంది. వారానికి సరిపడా కలిపి ఫ్రిజ్‌లో ఉంచాలి, మసకబారినా వాసన మారినా పారబోయాలి.

కొనేటప్పుడు మందుల దుకాణంలో ‘ఐపీ’ (ఇండియన్ ఫార్మకోపియా, అంటే మన దేశంలో మందుల నాణ్యతా ప్రమాణం) అని ముద్రించిన సీల్ సీసానే అడగాలి. 1986లో ముంబై జేజే ఆసుపత్రిలో 14 మంది ప్రాణాలు తీసింది డైఇథలీన్ గ్లైకాల్ అనే విష రసాయనం కలిసిన గ్లిజరిన్. అది లోపలికి ఇచ్చిన మందే అయినా, పరిశ్రమల కోసం అమ్మే లూజు సరుకు ఇంట్లోకి తేకూడదనడానికి ఆ ఒక్క ఉదంతం చాలు.

మీ పత్రికలో ఈ చిట్కా మళ్లీ వేసేటప్పుడు ‘ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్లు, నిమ్మరసం వద్దు’ అన్న ఒక్క వాక్యం చేర్చాలని కోరుతున్నాం.

– సౌందర్య ఉత్పత్తుల తయారీలో పనిచేసే రసాయన నిపుణులు, హైదరాబాద్