ర్యామ్ ధర మీద ఒక్క మాటైనా చెప్పండి మంత్రిగారూ

గౌరవనీయులైన కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీ చుట్టుపక్కల కంప్యూటర్లు అసెంబుల్ చేసేవాళ్ళం, జిల్లాల్లో గేమింగ్ సెంటర్లు నడిపేవాళ్ళం కలిసి రాస్తున్నాం. ర్యామ్ ధరల మీద పంపిన వినతిపత్రాలకు రసీదులే తప్ప జవాబు లేదు.

కంప్యూటర్ గేమింగ్ పనైపోయిందని, అందరూ ఫోన్లకు పోయారని అంటున్నారు. ఆడేవాళ్ళు తగ్గలేదండీ. కంప్యూటర్ గేములు కొని ఆడే స్టీమ్ వేదికలో ఒకేసారి ఉన్నవాళ్ళ సంఖ్య 2025లో 4 కోట్లు దాటింది. మెషీన్ కొనే స్తోమతే తగ్గుతోంది.

ర్యామ్ (కంప్యూటర్ నడిచేటప్పుడు వాడుకునే మెమరీ) సంగతే చూడండి. ఏఐ సర్వర్ల కోసం తయారీదారులు హెచ్‌బీఎం అనే అతివేగపు మెమరీ వైపు మళ్ళారు. అంతే మెమరీకి మామూలు కంప్యూటర్లలో వేసే డీడీఆర్5 ర్యామ్ కంటే దానికి సుమారు మూడింతల వేఫర్ (చిప్పులు తయారయ్యే సిలికాన్ పలక) పడుతుంది. మాకు మిగిలేది కొరతే. రూ.5,000 సరుకు రూ.15,000 అయితే 18 శాతం జీఎస్టీ రూ.900 నుంచి రూ.2,700కు పోతుంది. దిగుమతి సుంకం లేదుగా అంటారు మీ అధికారులు. నిజమే, కానీ ధరతోపాటు పన్నూ ఎక్కుతోంది కదా! జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని చిన్న సెంటర్లకు, కొన్నప్పుడు కట్టిన పన్నును సర్దుకునే ఇన్‌పుట్ క్రెడిట్ కూడా రాదు.

దాంతో 8 జీబీ ర్యామ్ స్టిక్కులు రెండు వేయాల్సిన చోట ఒక్కటే వేయించుకుంటున్నారు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకుండా రైజెన్ 5600జీ లాంటి ప్రాసెసర్‌తో నడిచే మెషీన్‌కు అదే పెద్ద దెబ్బ. దాని లోపలి గ్రాఫిక్స్ కూడా ర్యామ్‌నే వాడుకుంటుంది. ఒక్క స్టిక్కే ఉంటే (సింగిల్ చానెల్) బ్యాండ్‌విడ్త్, అంటే డేటా అందే వేగం సగమే, ఆట ఆగి ఆగి నడుస్తుంది. తర్వాత సెకండ్ హ్యాండ్‌లో వేరే స్టిక్ తెచ్చి జత చేస్తే, ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ సెట్టింగ్ ఆన్ చేయగానే ఒక్కోసారి కంప్యూటర్ బూటే కాదు. ఆఫ్ చేస్తే 3200 వేగం స్టిక్ 2400కో 2666కో పడిపోతుంది. మదర్‌బోర్డు పోయిందని కస్టమర్ కంగారు.

వారంటీ మరీ ఘోరం. పాడైన స్టిక్ పంపితే స్టాకు లేదంటూ పాత బిల్లు మొత్తానికి క్రెడిట్ నోట్ (తర్వాతి కొనుగోలులో సర్దుకునే చీటీ) చేతిలో పెడుతున్నారు. ఆ డబ్బుకు ఇవాళ సగం స్టిక్కైనా రాదు. మాట పడేది దుకాణంవాడు.

గుజరాత్‌లోని సాణంద్‌లో మెమరీ చిప్పుల కంపెనీ మైక్రాన్ ప్లాంటుకు 2023లో ఆమోదమిచ్చారు, ఖర్చులో 50 శాతం కేంద్రం, 20 శాతం గుజరాత్ భరించేలా. అక్కడ జరిగేది అసెంబ్లీ, టెస్టింగ్. వేఫర్లు బయటి నుంచే రావాలి. 2025 డిసెంబరులో అదే కంపెనీ మామూలు జనం కొనే తన క్రూషియల్ బ్రాండు ర్యామ్, ఎస్‌ఎస్‌డీ (డేటా దాచే డ్రైవ్) వ్యాపారాన్ని ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ప్రజల సొమ్ము ఇంత పెట్టి, కొంత సరుకు ఇక్కడి దుకాణాలకివ్వాలని అడగలేమా అండీ?

ఈ-స్పోర్ట్స్‌ను (వీడియో గేముల పోటీలను) ప్రోత్సహిస్తామని 2025 ఆన్‌లైన్ గేమింగ్ చట్టంలో మీరే రాశారు. ఏలూరు కుర్రాడు దేనిమీద సాధన చేయాలి?

ర్యామ్, ఎస్‌ఎస్‌డీలపై పన్ను 5 శాతానికి తగ్గించమని జీఎస్టీ కౌన్సిల్‌కు రాయండి. వారంటీలో స్టాకు లేకపోతే ఆనాటి మార్కెట్ ధర చెల్లించేలా చూడండి. కుదరదంటే ఎందుకు కుదరదో అయినా రాతపూర్వకంగా చెప్పండి, దయచేసి.