హామ్ రేడియో సంఘం వార్షిక నివేదిక: మన చేత్తో కట్టిన సెట్లు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన పనంతా సాల్డరింగ్ బల్ల దగ్గరే జరిగింది. కొన్న రేడియో సెట్లతో దూరంగా ఉన్నవాళ్లతో మాట్లాడటం మనకు అలవాటే. సొంతంగా కట్టిన సెట్‌తో మాట్లాడాలని కిందటి సమావేశంలో మీరే అడిగారు. అందుకే బిట్ఎక్స్ అనే సెట్ ఎంచుకున్నాం, వినడానికీ మాట్లాడటానికీ అదొక్కటే చాలు. హైదరాబాద్‌కు చెందిన అష్హర్ ఫర్హాన్ (కాల్‌సైన్ వీయూ2ఈఎస్ఈ) దీన్ని మన బజార్లో దొరికే విడిభాగాలతోనే కట్టుకునేలా రూపొందించారు. కాయిల్ చుట్టే గుండ్రటి రింగు, అంటే టోరాయిడ్, దొరక్కపోతే కుళాయి వాషర్ మీదే కాయిల్ చుట్టుకోవచ్చు. ఆ డిజైన్ మన ఊళ్లో పుట్టిందంటే నాకు నిజంగా గర్వం.

ముందుగా అందరిచేతా డమ్మీ లోడ్ కట్టించాం, అంటే పరీక్షించేటప్పుడు యాంటెన్నాకు బదులు తగిలించే రెసిస్టర్. 2 వాట్ల, 1000 ఓమ్‌ల కార్బన్ రెసిస్టర్లు 20 సమాంతరంగా కలిపితే 50 ఓమ్‌లు వస్తాయి, 40 వాట్లు తట్టుకుంటాయి. తీగ చుట్టిన రెసిస్టర్లు మాత్రం పనికిరావు, అవి కాయిల్‌లా ప్రవర్తిస్తాయి.

ఎక్కువమంది ఆగిపోయింది కాయిళ్ల దగ్గర. ఎనామిల్ పూత ఉన్న రాగి తీగ కొస సరిగ్గా గీకకపోతే టంకం అతుక్కున్నట్టే కనిపిస్తుంది కానీ కరెంటు పారదు. ఒక కొత్త సభ్యురాలు ఆ ఒక్క అతుకు కోసం రెండు ఆదివారాలు వెతికారు. చివరికి బ్లేడుతో రాగి మెరిసేదాకా గీకి మళ్లీ అతికించగానే స్పీకర్ సర్రుమంది. నాబ్ మెల్లగా తిప్పితే 40 మీటర్ల బ్యాండ్‌లో (7 మెగాహెర్ట్జ్ దగ్గర) ఎవరో తమిళంలో మాట్లాడుకుంటున్నారు. అందరం చేతిలో పని వదిలేసి ఆవిడ చుట్టూ చేరాం.

ఒక నష్టం కూడా చెప్పాలి. సిగ్నల్‌కు బలమిచ్చే ట్రాన్సిస్టర్ ఐఆర్ఎఫ్510 వెనక లోహపు రేకు, సప్లై అందే దాని డ్రెయిన్ కాలికే కలిసి ఉంటుంది. మధ్యలో కరెంటు పారనివ్వని మైకా ముక్క పెట్టకుండా దాన్ని నేనే హీట్‌సింక్‌కు బిగించాను. సప్లై ఛాసిస్‌కు (సెట్ లోహపు పెట్టెకు) షార్టయి, దారిలో ఉన్న చోక్ కాయిల్ కాలిపోయింది. ఇప్పుడు పవర్ ఇచ్చేముందు ఆ రేకుకూ హీట్‌సింక్‌కూ మధ్య షార్ట్ లేదని మల్టీమీటర్‌తో చూడటం మన నియమం.

అనవసరమైన పై ఫ్రీక్వెన్సీలను ఆపే లో పాస్ ఫిల్టర్ లేని సెట్‌ను యాంటెన్నాకు తగిలించనివ్వలేదు. కొందరికి ఇది చాదస్తం అనిపించింది. కానీ 7.1 మెగాహెర్ట్జ్ రెండో హార్మోనిక్ (రెట్టింపు ఫ్రీక్వెన్సీ) 14.2 దగ్గర, అంటే 20 మీటర్ల బ్యాండ్‌లో మాట్లాడుకునేవాళ్ల మధ్యలో పడుతుంది. ఈ విషయంలో కమిటీ మెత్తబడదు. లైసెన్స్ రానివాళ్లు ప్రస్తుతానికి రిసీవర్ భాగం వరకే కట్టాలి.

వచ్చే ఏడాది హాలు డాబా మీద, రెండు వైపులా చెరో 10 మీటర్ల తీగతో డైపోల్ యాంటెన్నా కడతాం. కాలిపోయిన సీఎఫ్ఎల్ బల్బులు, పాత కంప్యూటర్ పవర్ సప్లైలు ఉంటే పారేయకండి. వాటిలోని టోరాయిడ్‌లు మనకు కావాలి.

కార్యదర్శి