వార్షిక నివేదిక: మన పిల్లలు, మర్యాద, హద్దులు

సభ్యులందరికీ నమస్కారం.

బోరు మరమ్మతులు, వీధి దీపాలు, జమాఖర్చుల వివరాలు కోశాధికారి నివేదికలో ఉన్నాయి. హైస్కూలు, ఇంటర్ చదువుతున్న మన కాలనీ పిల్లల కోసం చేసిన పని గురించి మాత్రమే ఇక్కడ రాస్తున్నాను. నా దృష్టిలో ఈ ఏడాది మనం చేసిన ముఖ్యమైన పని ఇదే.

బతుకమ్మ ఆడుతున్న అమ్మాయిలను కొందరు అబ్బాయిలు మేడ మీది నుంచి వీడియో తీసి, పాట జోడించి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టారు. తీసేయమని ఒక అమ్మాయి అడిగితే, "అందరూ చూసిందే కదా" అన్నారు. ఆ పిల్ల సద్దుల బతుకమ్మకు గడప దాటలేదు. అబ్బాయిల చేత వీడియో తీసేయించాం, క్షమాపణ చెప్పించాం. అయితే మందలించి వదిలేస్తే సరిపోదని కార్యవర్గం భావించింది.

ఆ తరువాత ఆదివారాలు కమ్యూనిటీ హాల్లో పిల్లలతో కూర్చున్నాం. పేరు రాయకుండా చీటీల మీద ప్రశ్నలు వేయమంటే డబ్బా నిండిపోయింది. "పాస్‌వర్డ్ ఇవ్వకపోతే స్నేహం లేనట్టేనా?", "కాదన్నాక ఎన్నిసార్లు అడగవచ్చు?" వంటివి ఎన్నో. రెండో ప్రశ్న మీద చాలాసేపు వాదన జరిగింది. సినిమాల్లో వెంటపడితేనే కదా ఒప్పుకుంటారని ఒకరంటే, "ఆ అమ్మాయికి భయంగా ఉండదా?" అని ఇంటర్ చదివే అబ్బాయే నిలదీశాడు. ఇష్టం లేదని స్పష్టంగా చెప్పిన అమ్మాయిని పదేపదే వెంబడించడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరమని, మొదటిసారికే మూడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చని అప్పుడు వివరించాం. పిల్లలను లైంగిక వేధింపుల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం 18 ఏళ్లు నిండని అబ్బాయిలకూ రక్షణ ఇస్తుందన్న సంగతి చాలామంది తల్లిదండ్రులకే తెలియదు. పిల్లల సహాయానికి 1098, సైబర్ మోసాలకు, వేధింపులకు 1930 నంబర్లను నోటీసు బోర్డు మీద రాయించాం. ఆడవాళ్లను వేధించేవారిని పట్టుకోవడానికి 2014 నుంచి హైదరాబాద్ నగరంలో పనిచేస్తున్న పోలీసు బృందాలు, షీ టీమ్స్ గురించి కూడా చెప్పాం.

పెద్దలకూ ఒక మాట. తలుపు తట్టకుండా గదిలోకి రావడం, చుట్టాల ముందు లావయ్యావని అనడం, వద్దంటున్నా బుగ్గలు గిల్లడం గురించి పిల్లలు చీటీల్లో బాధపడుతూ రాశారు. ఇంట్లో తన మాటకు విలువ లేని పిల్లవాడు బయట ఎదుటివారి మాటకు విలువ ఇస్తాడని ఎలా ఆశిస్తాం?

ఇకపై మన పండుగల్లో ఎవరి ఫోటో, వీడియో అయినా వారిని అడిగాకే పంచుకోవాలని తీర్మానించాం. చీటీల డబ్బా హాల్లోనే ఉంటుంది. దాన్ని ఇద్దరు మహిళా సభ్యులు మాత్రమే తెరుస్తారు. బడులు తెరిచాక తల్లిదండ్రుల సమావేశం పెడుతున్నాం. పోయినసారి వచ్చినవారిలో దాదాపు అందరూ అమ్మలే. ఈసారి నాన్నలు తప్పకుండా రావాలి.

కార్యదర్శి