పదేళ్లు దాటిన పిల్లలకు ఖాతా ఎందుకివ్వరు?

సంపాదకుడు గారికి,

పిల్లలకు వ్యాపార మెళకువలు నేర్పే వేసవి శిబిరాల గురించి మీ పత్రికలో వచ్చిన కథనం చదివి పది రోజులైంది. అప్పుడే రాయవలసింది. ఈలోగా మనవరాలిని వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళ్లాను. అక్కడ జరిగింది చూశాక ఇక ఊరుకోలేకపోయాను.

అమ్మాయికి 11 ఏళ్లు. పండుగలకు పెద్దవాళ్లు చేతిలో పెట్టిన డబ్బు ముంతలో వేసుకుని 2,340 రూపాయలు కూడబెట్టింది. తన సంతకంతో ఖాతా తెరవాలని ముచ్చట పడింది. ‘తల్లో తండ్రో రావాలి, పిల్లలకు విడిగా ఇవ్వం’ అని ఒక్క మాటతో పంపించేశారు. పదేళ్లు దాటిన పిల్లలు సొంతంగా పొదుపు ఖాతా తెరిచి నడుపుకోవచ్చని రిజర్వు బ్యాంకు 2014 మే నెలలోనే చెప్పింది. 2025 ఏప్రిల్‌లో మళ్లీ చెప్పింది. ఎంత మొత్తం వరకు, ఏ షరతుల మీద అన్నది బ్యాంకులు నిర్ణయించుకోవచ్చు, కాదనను. ఆ షరతులేమిటో చూపించమంటే కౌంటరులో ఉన్నవారికి తెలియదు, లోపల ఉన్నవారికి తీరిక లేదు. గంటన్నర నిలబడి పోస్టాఫీసుకు వెళ్లాం. అక్కడ 500 రూపాయలుంటే చాలు, ఖాతా ఇస్తారు. ‘సంతకం ఎప్పుడూ ఇలాగే పెట్టాలి తల్లీ’ అని ఓపికగా చెప్పిన ఆ గుమస్తాకు ఈ లేఖ ద్వారా నమస్కారం చెబుతున్నాను.

నేను 31 ఏళ్లు ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పాను. మా బడిలో సంచయిక, అంటే పిల్లల పొదుపు బ్యాంకు, నడిచిన రోజుల్లో పిల్లలే మేనేజరు, పిల్లలే క్యాషియరు. పోగైన సొమ్ము పోస్టాఫీసులో వేసేవాళ్లం. ఒకసారి నలభై పైసలు తేడా వచ్చింది. నేను వేసేస్తానంటే ఎనిమిదో తరగతి క్యాషియరు ఒప్పుకోలేదు. రెండు రోజులు లెడ్జరు తిరగేసి, 1.10 రాయవలసిన చోట 1.50 పడిందని పట్టుకున్నాడు. సెప్టెంబరు 15న సంచయిక దినం కూడా జరిపేవాళ్లం. అంత మంచి ఏర్పాటును ఎందుకు పోనిచ్చారని అడిగితే జవాబిచ్చే అధికారి ఒక్కరూ లేరు. ఇప్పుడు తనిఖీకి వచ్చేవారికి ఫోనులో ఫోటోలు ఎక్కాయా లేదా అన్నదే కావాలి. పిల్లవాడికి కూడిక వచ్చా అని అడిగేవారు కరవయ్యారు.

తల్లిదండ్రులూ తక్కువేమీ కాదు. డబ్బు ప్రస్తావన వస్తే ‘నీకెందుకు ఆ లెక్కలు, వెళ్లి చదువుకో’ అంటారు. పరీక్షలో చక్రవడ్డీ లెక్క చేసి పూర్తి మార్కులు తెచ్చుకున్న పిల్లవాడికి, ఊళ్లో అందరూ అనే మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు నూటికి మూడు, ఏడాదికి 36 శాతమని తెలియదు. ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టే ముందు తండ్రి ఆ లెక్క కొడుకు చేతనే వేయించవచ్చు కదా! ఫోనుతో స్కాన్ చేసి చెల్లించే ఇంట్లో పిల్లలకు డబ్బు తరగడం కంటికి కనబడదు. నెలాఖరున పాలు, కిరాణా, కరెంటు, ఫీజుల జమాఖర్చు వాళ్ల చేత రాయించండి. దానికి ఏ శిబిరమూ అక్కర్లేదు.

వ్యాపారం సంగతీ అంతే. నిరుడు వినాయక చవితికి మా మనవడు, వాడి స్నేహితులు 900 రూపాయల పెట్టుబడితో 40 మట్టి గణపతులు చేశారు. ఒక్కొక్కటి 60 రూపాయలు. 33 అమ్ముడుపోయాయి. చవితి దాటాక మిగిలిన ఏడింటిని ఎవరు కొంటారు? పిల్లల మొహాలు చూసి మా అల్లుడుగారు ఆ 420 రూపాయలు తన జేబులోంచి ఇచ్చేశారు. నాకు చాలా బాధ కలిగింది. పెట్టుబడి పోను 1,080 రూపాయలు మిగిలాయి, పిల్లలకు నష్టమేమీ రాలేదు. వచ్చే ఏడు ఎన్ని చేయాలి, ఎప్పుడు ధర తగ్గించాలి అని వాళ్లే కూర్చుని ఆలోచించుకునేవారు. ఆ అవసరమే లేకుండా పోయింది. వేలకు వేలు కట్టి శిబిరాలకు పంపేవారు, పిల్లలు ఇంటి ముందు బల్ల వేసుకుని అమ్ముకుంటామంటే మాత్రం పరువు పోతుందంటారు.

పిల్లల ఖాతాలకు ఏ వయసు, ఎంత పరిమితి, ఏ పత్రాలు కావాలో ప్రతి శాఖలో నోటీసు బోర్డు మీద తెలుగులో పెట్టించాలని జిల్లాలోని బ్యాంకులను సమన్వయం చేసే లీడ్ బ్యాంకు అధికారులను కోరుతున్నాను. పెట్టలేమంటే కారణమేమిటో మీ పత్రిక ద్వారానే చెప్పాలి.

— ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయిని, తెనాలి